పనికత్తుల సేకరణము
(ప్రసంగ పాఠము)

ఆయుధములను కూర్చి పెట్టుకొను వేడుక ప్రభువులకు పూర్వమునుండియు కలదు. హైదరాబాదులోని సాలార్‌జంగ్ ప్రదర్శనశాలలో జహంగీరు, నూర్జహానులవని చెప్పు బాకులను చూచుటకు జనులు బారులు తీరి నిలుతురు. పచ్చరాతి పిడులు, పొదిగిన రత్నములు, బంగారు నగిషీ - అన్నియు చూడముచ్చటగనే యుండును. కాని వానిలో పెక్కు ఎన్నడును ఒక పుల్లనైన కోసి యెరుగవు. ఏటేట వరి కోసిన కొడవలి, తాటిగెలను చెక్కిన గీతకత్తి, కంచె నరికిన మచ్చుకత్తి, అంటు కట్టిన మడతచాకు మాత్రము అరిగిపోగానే పాత ఇనుము వర్తకుని త్రాసులోనికి పోవుచున్నవి. వానివెంట వాని పేర్లును, వానిని చేయు కమ్మరి నేర్పును పోవుచున్నవి. ఈ ప్రసంగమునకు విషయము ఇట్టి పనికత్తులు. వానిని సేకరింపదలచిన గృహస్థు తెలిసికొనవలసిన కొన్ని సంగతులు.

సేకరణ యనగానే పెద్ద బీరువాలు, అద్దపు పెట్టెలు స్ఫురించును. అంత యక్కర లేదు. ఉద్యోగరీత్యా దేశమంతట తిరుగుచున్న తెలుగు కుటుంబములలో కనీసము ఒక కత్తియైన స్వగ్రామమునుండి వెంట వచ్చినదై యుండును. తరచుగా అది కత్తిపీట. పీటపై కాలు నుంచి, నిలువుగ నిలిచిన అలుగుపైకి వంకాయను త్రోసి తరుగుట తెలుగువారికి మాత్రమే తెలిసిన పద్ధతి కాదు. బంగాళీల ఇంట అదే బొంటి, మరాఠీల ఇంట అదే విళీ. ఒకే ప్రభుత్వ వసతి గృహములో పై అంతస్తున ఒకటి, క్రింది అంతస్తున మరొకటి యుండగా వానిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినవారు అరుదు. అట్లు చూచుటయే సేకరణకు మొదటి మెట్టు. చేపను కోయుటకు ఒకదాని అలుగు ఏ వంపు తిరిగినది, కొబ్బరి కోరుటకు మరొకదాని కొన ఏల పండ్లచక్రమువలె విడినది అను ప్రశ్నలు అపుడు పుట్టును.

జేబుకత్తుల ముచ్చట ముందు చెప్పుట మేలు. ఏలనన సేకరించువారిలో పెక్కుమంది వానితోనే మొదలు పెట్టుదురు. చిన్నవి, చవుకైనవి, సొరుగులో నిముడునవి. ఐరోపాలో ప్రసిద్ధికెక్కిన మడతచాకులలో కొన్ని పొలముతోడి పొత్తువలననే పుట్టినవి. ఫ్రాన్సు దేశపు సవాయ్ కొండలలో ఒపినెల్ కుటుంబమువారు రైతులకు గొడ్డళ్ళు, కొమ్మలు నరుకు కత్తులు చేసియిచ్చు పనివారు. ఆ ఇంటి కొడుకు జోసెఫ్ ఒపినెల్ 1890లో కొయ్యపిడి గల ఒక చిన్న మడతచాకును చేసెను. 1897 నాటికి దానిని 1 మొదలు 12 వరకు అంకెలు వేసి పరిమాణముల వరుసగా చేయసాగిరి. అలుగు వ్రేళ్ళపై మూసికొనకుండ పట్టియుంచు ఉంగరము 1955లో గాని రాలేదు. కావున ఉంగరము లేని పాత ఒపినెల్ కనబడినచో అది 1955కు ముందటిదేమో యని విచారించుటకు తావు కలదు. అంకె, ఉంగరము, పిడి కొయ్య, అలుగుపై ముద్ర - ఇవియే సేకరించువానికి అక్షరములు.

మన దేశమున "చాకు" అను మాటయే పారసీకమునుండి వచ్చినది. ఉత్తరప్రదేశములోని రాంపూరు చాకు పేరు చిత్రకథల మూలమున ఊరూర ప్రాకి, పాపము, ఆ పనివారికి కీర్తికంటె అపకీర్తినే ఎక్కువ తెచ్చినది. 2023లో ఆ పట్టణపు కూడలిలో సుమారు 20 అడుగుల చాకు ప్రతిమను నిలిపిరి. ఇత్తడి పిడి, మీనాకారపు పనితనము చూచి దానిని కొనదలచినవారు ముందు చట్టము చూచుట మంచిది. 1959 నాటి ఆయుధముల చట్టము ఇంటి పనికి, వ్యవసాయపు పనికి మాత్రమే ఉద్దేశింపబడిన వస్తువులను ఆయుధముల నిర్వచనమునుండి తొలగించినది. 1962 నాటి నిబంధనలు 9 అంగుళములకు మించిన పొడవు గాని, 2 అంగుళములకు మించిన వెడల్పు గాని గల కత్తులను ఆయుధములలో చేర్చుచు, గృహ, వ్యవసాయ, శాస్త్ర, పరిశ్రమల పనులకై చేసినవానిని మినహాయించినవి. 2016లో క్రొత్త నిబంధనలు వచ్చినవి. గుండీ నొక్కగానే తెరచుకొను చాకులపై ఢిల్లీలో 1980 నాటి ప్రకటన మూలమున వేరు నిర్బంధము కూడ కలదు. కొడవలి ఎంత పొడవైనను అది పంట కోయునది. బొత్తాము చాకు సంగతి వేరు. ప్రభుత్వోద్యోగికి ఈ భేదము ఒకరు చెప్పనక్కర లేదు గాని, సంతలో బేరమాడునపుడు జ్ఞప్తియందుంచుకొనవలెను.

జేబుకత్తికిని పొలమునకును నడుమ వంతెనవంటిది అంటుకత్తి. తూర్పు గోదావరి ప్రాంతమున కడియము చుట్టుప్రక్కల తోటలలో అంటు కట్టు పనివాని చేతిలోని చాకును నిదానముగ చూడదగును. కొమ్మను ఏటవాలుగ కోయుటకైన చాకునకు పదును ఒకవైపుననే యుండును, రెండవవైపు చదును. ఇరువైపుల పదును పెట్టిన కత్తి కొయ్యలో వంకర తిరుగును, కోత పల్లమగును, రెండు కోతలు అతుకవు. మొగ్గంటు కట్టు చాకునకు మరొక కొన యుండును. అది ఎముకతోనో ఇత్తడితోనో చేసిన మొద్దు రెక్క. బెరడును చినుగకుండ పైకెత్తుటకు అది పనికివచ్చును. దాని ప్రయోజన మెరుగనివారు ఆ రెక్కను విరిగిన అలుగని తలచి పారవేయుదురు.

ఇక కొడవలి. తెలుగునాట పనికత్తులలో ఇది పెద్ద ముత్తైదువ. దూరమునుండి చూచువారికి కొడవళ్ళన్నియు ఒక్కటే. చేత పట్టినవారికి రెండు కులములు కనబడును. ఒకటి నునుపు వాదర గలది; దానిని మాటిమాటికి నూరవలెను; కంపను, గడ్డిని, మేతను తెగగొట్టుటకు అది మేలు. రెండవది కక్కు గలది. కక్కు అనగా వాదరపై కమ్మరి ఉలితో కొట్టిన సన్నని పండ్ల వరుస. వరి దుబ్బును ఎడమచేత పట్టి, కొడవలిని తనవైపు లాగినపుడు ఆ పండ్లు రంపమువలె గంటను కోయును. విసరి కొట్టవలసిన పని లేదు. కావున గింజ రాలదు, నడుము వంచి బారెడు పొద్దు కోయు స్త్రీకి చేతి అలసటయు తగ్గును.

ఈ కక్కు సాధారణముగ అలుగునకు ఒక ముఖముననే కొట్టబడును. అందువలన కుడిచేతి కొడవలి యెడమచేతివానికి సరిగ తెగదు. పల్లెలో ఎడమచేతివాటముగల కూలి యున్నచో కమ్మరి వానికై తిరుగువేసి కొట్టవలెను. అట్టి కొడవలి వందకు ఒకటియైన దొరకునో లేదో. పాత ఇనుము కుప్పలో కొడవళ్ళను తిరగవేయు సేకర్త మొదట చూడవలసినది కక్కు ఏ ముఖమున నున్నదను విషయమే. ఎడమచేతి కొడవలి కనబడెనా, దాని వెనుక ఒక మనిషి యున్నట్లే; ఆ మనిషికై శ్రమపడిన కమ్మరియు నున్నట్లే.

అరుగుదల మరొక లిపి. క్రొత్త కొడవలి వెడల్పుగ నుండును. ఎన్ని పంటలో కోసి, ఎన్నిమారులో కక్కు తిరిగి కొట్టించుకొని, అది నెలవంకయై, తుదకు గోటిపాటి యగును. పిడిలోనికి దిగిన తోక మాత్రము మొదటి మందముతోనే యుండును. తోకను, అలుగును పోల్చి చూచినచో ఎంత ఇనుము పొలములో కరగినదో తెలియును. పిడి కొయ్యపై బొటనవ్రేలు పట్టిన గుంత యుండును. పిడి పగులకుండ వేసిన పొన్ను ఒకప్పుడు ఇత్తడిది, ఒకప్పుడు పాత డబ్బారేకు ముక్క. అంగడినుండి తెచ్చిన మెరుగుల కొడవలికంటె ఇట్టి అరిగిన కొడవలి పదిరెట్లు విలువైనది. దానిని గరుకు కాగితముతో రుద్ది తళతళ లాడించువాడు వ్రాతప్రతిని నీట కడిగినవానితో సమానుడు.

తక్కిన పనిముట్లలో కొన్నింటిని పేరు తలచి సాగవచ్చును. కొన ముందుకు వంగిన మచ్చుకత్తి, గొడ్డలి, కాయలు కోయు దోటి కొక్కెము, కలుపు తీయు బొరిగె, తొలిక, దోకుడుపార. గుంటకకు అమర్చు అలుగు కూడ కత్తియే గాని, దానిని ఇంటిలో గోడకు వ్రేలాడదీయుటకు ఇల్లాలి యనుమతి కావలెను. గీతకత్తి దగ్గర మాత్రము ఆగవలెను. కల్లు గీయువాడు గెల కొనను దినదినము కాగితమంత పలుచగ చెక్కవలెను. మందముగ చెక్కినచో గెల త్వరగా తరిగిపోయి కాలము ముగియకమునుపే కల్లు ఆగిపోవును. మొద్దుకత్తితో నలిపినచో ధార సరిగ రాదు. ఆ పదునుకై గీతవారు కొయ్యబద్దపై పలుగురాతి పొడి చల్లి కత్తిని సాగదీసి నూరుదురు. కత్తి దొరికి బద్ద దొరకకున్నచో సేకరణ సగమే యైనట్లు. సేకర్తలు తరచుగా కత్తిని కొని బద్దను విడిచి వత్తురు. అది కట్టెవలె కనబడును గనుక పొయ్యిలోనికి పోవును.

ఈ యలుగులకు మూలమైన లోహము విషయమున తెలుగుసీమకు గట్టి చరిత్ర యున్నది. నేటి తెలంగాణములో నిజామాబాదు జిల్లా కోనసముద్రము ఉక్కునకు పేరొందిన ఊరు. మహా త్రికోణమితి సర్వేలో వైద్యుడుగాను భూగర్భ పరిశోధకుడుగాను పనిచేసిన హెన్రీ వోయ్‌సీ 19వ శతాబ్ది మొదటి పాదమున అచటి మూసల పనిని కన్నులార చూచి వ్రాసిపెట్టెను. ఆతడు 1824లో మరణించినను ఆ వ్రాత 1832లో బంగాళా ఏషియాటిక్ సంఘపు పత్రికలో అచ్చయ్యెను. ఆ యూర ఆతనికి పారసీక దేశపు ఇస్ఫహానునుండి ఉక్కు కొనుటకై వచ్చిన వర్తకుడు కనబడెను. డమాస్కసు ఖడ్గములని లోకము కొనియాడిన కత్తులలో కొన్నింటి లోహము దక్షిణాపథపు మూసలలో పుట్టిన ఉక్కు. దీనిని ఆంగ్లేయులు "వూట్జ్" అనిరి; అది "ఉక్కు" అను మన మాట చెడిన రూపమని పెక్కుమంది పండితులు తలతురు.

1795లో జార్జి పియర్సన్ లండను రాయల్ సొసైటీ పత్రికలో ఈ ఉక్కుపై పరిశోధన ప్రకటించెను. లండనులోని జేమ్స్ స్టోడార్ట్ అను కత్తుల పనివాడు సన్నని పదును కావలసిన పనిముట్లకు ఇదియే మేలని నమ్మి వాడెను. ఆతడును మైకేల్ ఫారడేయును కలసి ఉక్కు మిశ్రమములపై చేసిన పరీక్షలు 1820, 1822 సంవత్సరములలో వెలువడినవి. విద్యుచ్ఛాస్త్రమున జగద్విఖ్యాతుడైన ఫారడే కమ్మరి కుమారుడను సంగతి ఇచట తలచుకొనదగినది. ఇంత చెప్పినంత మాత్రమున పల్లె కొడవలి ప్రతిదియు కోనసముద్రపు ఉక్కని భ్రమపడరాదు. ఇటీవలి కొడవళ్ళు, మచ్చుకత్తులు బండ్ల కమానుపట్టీల ముక్కలతోను, అంగడి ఇనుముతోను చేయబడినవి అనేకము. పాత సామానుల వర్తకుడు ప్రతి త్రుప్పుపట్టిన కత్తిని "నిజాము కాలపు ఉక్కు" అని చెప్పి ధర పెంచుట కలదు. నమ్మనక్కర లేదు.

ఈ దేశమున పనిముట్లను పద్ధతిగ సేకరించినవారిలో మొదట చెప్పదగినవాడు కూడ ప్రభుత్వోద్యోగియే. రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1858లో భారత భూగర్భ పరిశోధన శాఖలో చేరి, 1863లో మదరాసు చేరువనున్న పల్లావరములో పాతరాతియుగపు చేతిగొడ్డలిని కనుగొనెను. ఉద్యోగ పర్యటనలలో బళ్ళారి, అనంతపురము, కడప, కర్నూలు మండలములలో తిరుగుచు రాతిగొడ్డళ్ళు, రాతిచెక్కలు ఏరెను. 1904లో ఆ సేకరణము మదరాసు ప్రదర్శనశాలకు చేరినది. దాని పట్టిక 1914లోను, వివరణ 1916లోను, అనగా ఆతడు 1912లో కాలధర్మము నొందిన తరువాత, అచ్చయ్యెను. ఆతడు ఏరిన రాళ్ళు నేటికిని పనికివచ్చుటకు కారణము వాని అందము కాదు. ఏది ఏ ఊర దొరకినదో ఆతడు వ్రాసియుంచెను.

ఊరి పేరు వ్రాయువారు కొందరైన కలరు. వస్తువు పేరు వ్రాయువారు ఇంకను తక్కువ. పూనాలో దినకర కేల్కరు ఒక్క జీవితములో కూర్చి 1975లో మహారాష్ట్ర ప్రభుత్వమునకు సమర్పించిన సంగ్రహములో అడకత్తెరలే ఎన్నియో యున్నవి. న్యూఢిల్లీ పూసాలో 2004లో తెరచిన జాతీయ వ్యవసాయ విజ్ఞాన ప్రదర్శనశాలలో పాత సేద్యపు పనిముట్లు చూడవచ్చును. ఇట్టి చోట్లకు పోయిన తెలుగు బాలుడు చీటీపై "కలుపు తీయు సాధనము" అని చదివి ఇంటికి వచ్చును. వాని తాత దానిని బొరిగె యనెనో, తొలిక యనెనో, ఆ చీటీ చెప్పదు.

ఇందుకు మారుగ తెలుగులో మరియొక గొప్ప సేకరణము జరిగినది. అది ఇనుముది కాదు, మాటలది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రకటించిన మాండలిక వృత్తి పదకోశపు మొదటి సంపుటము వ్యవసాయ పదములకే కేటాయింపబడినది. పండితులు గ్రంథములలోనుండి గాక రైతుల నోటినుండి, జిల్లా జిల్లాకు పోయి ఆ మాటలను పట్టిరి. 1971లో చేనేత పదముల సంపుటము వచ్చినది. తెలుగువారి యింట పనికత్తుల సేకరణము మొదలగునపుడు మొట్టమొదట కొనవలసిన వస్తువు కత్తి కాదు, ఈ పదకోశము. కత్తి ఒకచోట, మాట మరొకచోట నున్నవి. రెంటిని కలుపు పని ఇంకను ఎక్కువగ మిగిలియే యున్నది. కోతయంత్రములు దిగిన పొలములలో కక్కు అను మాట విననివారు పెరుగుచున్నారు. కక్కు కొట్టు కమ్మరియు, తన కొడవలిని తాను గుర్తుపట్టగల ముదుసలి కూలియు బ్రతికియుండగనే ఆ కలయిక జరుగవలెను.

కావున సెలవులకు ఊరికి పోయినవారు చేయదగిన పని ఇట్లుండును. పనిలోనున్న కత్తిని అడుగరాదు. అడిగినచో మొగమాటమున ఇత్తురు. మరునాడు కూలికి పోవునపుడు చేయి వెదకుకొనును. అరిగి మూలపడినదానిని అడిగి, దానికి బదులు కమ్మరిచేత క్రొత్తది కొట్టించి యిచ్చుట మర్యాద. కొలిమికి ఆ విధముగ పనియు దొరకును. దసరాకు పసుపు కుంకుమ పెట్టి పూజలో నుంచు కత్తి ఎంత పాతదైనను దానిపై ఆశ పెట్టుకొనరాదు. కత్తి చేత పడిన తరువాత, దాని యజమానురాలినే, అవ్వయైనను పిన్నమ్మయైనను, కూర్చుండబెట్టి అడుగవలసిన ప్రశ్నలు కొన్ని: దీనిని మీరేమందురు? ఈ భాగము పేరేమి? దీనితో ఏమేమి కోసితిరి? ఎవరు చేసిరి, ధాన్యమిచ్చితిరా, రొక్కమా? ఏ చేతితో పట్టుదురు? ఆమె చెప్పినదానిని ఆమె మాటలతోనే వ్రాయవలెను. "కొడవలి" అని ఆమె పలికిన తీరు వేరుగ నున్నచో దానిని దిద్ది గ్రాంథికము చేయరాదు. నేడు చేతనున్న ఫోనులో ఆ గొంతును కూడ పట్టి యుంచవచ్చును. పాతకాలపు సేకర్తల కిట్టి యదృష్టము లేకపోయినది.

భద్రపరచుట పెద్ద విద్య కాదు. పొడి కుంచెతో మట్టి దులిపి, రాలు త్రుప్పును మాత్రము తీసి, పలుచగ నూనె గాని మైనము గాని పూసిన చాలును. ఆమ్లములు, చింతపండు పులుసు పనికిరావు. తోలు ఒరలో కత్తిని విడువరాదు. తోలు తేమను పట్టి అలుగును తినివేయును. ఒరను వేరుగ నుంచవలెను. చీటీని జిగురుతో అంటింపక దారముతో కట్టవలెను. నూరేండ్లు దాటిన కళావస్తువులు, పురావస్తువులు 1972 నాటి చట్టమునకు లోబడునని మరువరాదు. అట్టివానిని విదేశములకు పంపు అధికారము ప్రైవేటు వ్యక్తులకు లేదు.

బదిలీ వచ్చినపుడు అలుగులన్నింటికి దళసరి అట్టముక్క చుట్టి, ఒక్కొక్కటి వేరువేరుగ గోనెపట్టలో కట్టి, బరువు సామానులతో పంపవలెను. విమానములో చేతిసంచిలో పెట్టుకొన్నచో వాకిటనే ఆపుదురు. పేర్లు, ఊళ్ళు వ్రాసిన పుస్తకమును మాత్రము ఆ పెట్టెలో వేయక చేతసంచిలోనే యుంచుకొని, దాని నకలు ఒకటి ఊరిలో ఉన్నవారికి పంపి పోవలెను.